జాజ్ కోర్సు పూర్తయింది, ఇక సంగీతంతోనే బతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తబాణీ
అందరికీ నమస్కారం. నాలుగేళ్ల జాజ్ కోర్సు పూర్తయింది, వాద్యం టెనార్ శాక్సోఫోన్. హార్మనీ, అరేంజింగ్, ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కల్పించి వాయించడం) అన్నీ చెప్పారు. గిగ్‌కి (డబ్బిచ్చే కచేరీకి) ఎవరు పిలుస్తారు, ఎందుకు పిలుస్తారు, డబ్బు ఎటునుంచి వస్తుంది అన్నది మాత్రం సిలబస్‌లో లేదు. తెలిసినవాళ్లు కింది మూడు ప్రశ్నలకి వివరంగా చెప్పగలరా? మొదటి ఏడాది సాధన దేనిమీద పెట్టాలి? సొంత ఆల్బమ్ ముందా, ఇతరుల బ్యాండ్లలో వాయించడం ముందా? పాఠాలు చెప్పడం మొదలుపెడితే వాయించడానికి సమయం మిగులుతుందా?

నడకబాస్
రెండోదానికి ముందు జవాబు: ఇతరుల బ్యాండ్లు ముందు. కారణం చెప్తాను.

కాలేజీలో మార్కులన్నీ సోలోకే. బయట ఒక క్వింటెట్ (అయిదుగురి బృందం) పాట ఎనిమిది నిమిషాలు నడిస్తే మీ సోలో మహా అయితే రెండు నిమిషాలు. మిగతా ఆరు నిమిషాలు మీరేం చేస్తారన్నదాన్ని బట్టే మళ్లీ ఫోన్ వస్తుంది. గాయని పాడుతుంటే ఆమె వాక్యం ముగిసిన ఖాళీలో రెండు మూడు స్వరాలు పలికి తప్పుకోవడం, ట్రంపెట్ సోలో రెండో కోరస్‌లో (పాట రూపం రెండో చుట్టులో) వెనక నుంచి చిన్న రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే బాణీ) కట్టడం, ముగింపు దగ్గర లీడర్ ముఖం చూడటం. ఇవి వచ్చినవాళ్లు తక్కువ, అందుకే వాళ్లకి గిరాకీ.

మొదటి పిలుపు ఎప్పుడూ సబ్‌గానే వస్తుంది. అసలు మనిషి రాలేకపోతే ఆ ఒక్క రాత్రికి మీరు. ఆ పిలుపుకి సిద్ధంగా ఉండాలంటే 60 నుంచి 80 పాటలు కాగితం లేకుండా రావాలి. మెలడీ (పాట బాణీ), కార్డ్స్ (కలిపి పలికే స్వరాల గుంపులు) రెండూ. ఇలా పంచుకోండి: ఎఫ్‌లో, బీ ఫ్లాట్‌లో, సీ మైనర్‌లో బ్లూస్, బీ ఫ్లాట్‌లో రిథమ్ చేంజెస్ ("ఐ గాట్ రిథమ్" పాట కార్డ్స్), మీడియం స్వింగ్ పాటలు ముప్పై, బ్యాలడ్లు (నెమ్మది పాటలు) పదిహేను, బోసా (బ్రెజిల్ తరహా), వాల్ట్జ్ (మూడు బీట్ల లయ) కలిపి పదిహేను. బ్యాలడ్లే అందరూ తక్కువ నేర్చుకుంటారు, గిగ్‌లో అడిగేవి అవే.

కంఠతా పట్టే పద్ధతి కూడా ముఖ్యం. ముందు మెలడీ గొంతుతో పాడండి. తర్వాత ఒక్కో కార్డ్ మూలస్వరాన్ని పాడుతూ మెలడీని మనసులో నడపండి. మూడోసారికి వాద్యం చేతికి తీసుకోండి. కార్డ్స్‌ని అక్షరాలతో కాకుండా, శ్రుతిలో ఎన్నో స్వరం మీదివో ఆ అంకెలతో గుర్తుపెట్టుకోండి, రెండు-అయిదు-ఒకటి అని. గాయని వస్తే పాట శ్రుతి మారుతుంది. వాద్యకారులు ఎఫ్‌లో వాయించే పాటని గాయనులు చాలాసార్లు నాలుగు అయిదు స్వరాలు కిందకి, సీకో బీ ఫ్లాట్‌కో దించుతారు. అంకెల్లో తెలిసినవాళ్లకి అది ఇబ్బందే కాదు.

కొత్తబాణీ
అక్షరాలతోనే గుర్తుంది నాకు. అంటే మళ్లీ మొదటికి వెళ్లాలా?

నడకబాస్
అక్కర్లేదు. వచ్చిన పాటల్లోంచి వారానికి రెండు తీసుకుని నాలుగు శ్రుతుల్లో వాయించండి. అంకెలు వాటంతటవే కుదురుకుంటాయి. మీది టెనార్ కాబట్టి ఒక హెచ్చరిక: గిటార్ బ్యాండ్లు ఈ (E), ఏ (A) శ్రుతుల్లో ఉంటాయి. టెనార్ రాతలో అవి ఒక టోన్ పైకి, ఎఫ్ షార్ప్, బీ అవుతాయి, ఆరు షార్పులు, అయిదు షార్పులు. ఫ్లాట్ శ్రుతుల్లోనే తిరిగిన వేళ్లు అక్కడ తడబడతాయి. ఆ రెండింటికీ రోజూ పది నిమిషాలు కేటాయించండి.

రెండున్నరరీడ్
పైన చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఇంకో మాట. టెనార్ ఒక్కటే వాయించేవాళ్లకి దొరికే పని వేరు, క్లారినెట్, ఫ్లూట్ కూడా వాయించేవాళ్లకి దొరికే పని వేరు. మ్యూజికల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో ఒక్కో రీడ్ పుస్తకంలో (శాక్స్, క్లారినెట్ లాంటివి వాయించేవాళ్ల స్వరాల పుస్తకంలో) రెండు మూడు వాద్యాలు రాసి ఉంటాయి. ఒక పేజీలో టెనార్, తిప్పితే క్లారినెట్, మధ్యలో ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) విరామం. ఆ ఎనిమిది బార్లలోనే వాద్యం మార్చాలి.

శాక్స్ నుంచి క్లారినెట్‌కి వచ్చేవాళ్లు పడే చిక్కులు ఎక్కువగా ఒకేలా ఉంటాయి. శాక్స్‌లో ఆక్టేవ్ కీ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. క్లారినెట్‌లో రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరానికి దూకుతుంది, కింది జీ పట్టు మీద డీ పలుకుతుంది. అందుకే శాక్స్ వేళ్ల అలవాటు సగం ఇక్కడ పనికిరాదు. రెండోది, క్లారినెట్ రంధ్రాలకి మూతలుండవు. వేలి మెత్తటి భాగంతో పూర్తిగా కప్పకపోతే కీచుమంటుంది, రీడ్ (ఊదేచోట ఉండే పలుచని పలక) మీద నెపం వేసి మార్చేస్తుంటారు. మూడోది పెదవి పట్టు. శాక్స్ పట్టుతో ఊదితే శ్రుతి దిగి, ధ్వని వెడల్పుగా వాలిపోతుంది. గడ్డం చదునుగా, పెదవి కొసలు గట్టిగా ఉండాలి.

ఇంకొకటి పుస్తకాల్లో కనపడదు. స్టాండ్ మీద ఇరవై నిమిషాలు ఊరికే ఉన్న వాద్యం చల్లబడి శ్రుతి తగ్గుతుంది, రీడ్ ఎండిపోతుంది. ప్రవేశానికి పది పన్నెండు బార్ల ముందే చేతిలోకి తీసుకుని శబ్దం రాకుండా వెచ్చని ఊపిరి వదలాలి. పేజీ మీద ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

కొత్తబాణీ
అయితే ఫ్లూట్ ముందా, క్లారినెట్ ముందా?

రెండున్నరరీడ్
క్లారినెట్. ఫ్లూట్ వేళ్లు శాక్స్‌కి దగ్గరగా ఉంటాయి, దాన్ని ఏడాది తర్వాత అందుకోవచ్చు. క్లారినెట్ పట్టు కుదరడానికే ఎక్కువ కాలం పడుతుంది. రోజుకి 40 నిమిషాలు, అందులో సగం దీర్ఘ స్వరాలకే. ఆరు నెలలు అయ్యేదాకా వాయిస్తానని ఎవరికీ ఒప్పుకోకండి. ఒకసారి చెడ్డ క్లారినెట్ వినిపిస్తే టెనార్‌కి కూడా పిలవరు.

రైడ్‌సింబల్
నాకు ఇక్కడ కొంచెం అభ్యంతరం. లయ గట్టిపడకముందే మూడు వాద్యాలు మోస్తే మూడింట్లోనూ అదే తప్పు వినిపిస్తుంది. డ్రమ్మర్ తన లయ చూసుకుంటాడు, హార్న్‌వాళ్లు (శాక్స్, ట్రంపెట్‌వాళ్లు) దాని మీద ఆనుకోవచ్చు అనే భ్రమ కాలేజీల్లో బాగా ఉంది. పియానో, టెనార్ ఇద్దరే ఉన్న గిగ్‌కి వెళ్తే మీరే డ్రమ్మర్.

మెట్రోనోమ్‌ని (లయకి క్లిక్ కొట్టే యంత్రాన్ని) నాలుగు బీట్లకీ పెట్టి సాధన చేస్తే పని అంతా అదే చేస్తుంది. దాన్ని క్రమంగా ఖాళీ చెయ్యండి. నిమిషానికి 60లో పెట్టి ఆ క్లిక్‌ని రెండో, నాలుగో బీట్లుగా వినండి, పాట 120లో నడుస్తుంది. అదే 60ని బార్‌కి ఒక్క క్లిక్‌గా వింటే 240. తర్వాత ఆ ఒక్క క్లిక్‌ని నాలుగో బీట్ మీదకి జరపండి. అక్కడ నిలబడగలిగితే లయ మీ సొంతం. ఇంకో పరీక్ష: నాలుగు బార్లు క్లిక్, నాలుగు బార్లు నిశ్శబ్దం వచ్చేలా పెట్టి బ్లూస్ వాయిస్తూ రికార్డ్ చేసుకోండి. క్లిక్ తిరిగి వచ్చేసరికి మీరు ముందున్నారా, వెనకున్నారా వినండి. పొడవాటి ఎనిమిదో స్వరాల వరుసల్లో ఎక్కువమంది ముందుకి పరుగెడతారు. బ్యాలడ్‌లో, 56 టెంపో అనుకోండి, వెనక్కి జారతారు. అక్కడ ప్రతి బీట్‌నీ లోపల మూడు ముక్కలుగా లెక్కపెట్టుకుంటే నిలుస్తుంది.

చెవుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. 85 డెసిబెల్స్‌కి ఎనిమిది గంటలు హద్దు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 94కి గంట, 100కి పావుగంట. సింబల్ పక్కన నిలబడి రెండు సెట్లు వాయిస్తే ఆ హద్దు దాటడం చాలా తేలిక. మామూలు ఫోమ్ ప్లగ్‌లు పై స్వరాలని ఎక్కువగా మింగేస్తాయి, దాంతో ధ్వని మూగబోయి తీసి పడేస్తారు. సంగీతకారుల కోసం చేసే ప్లగ్‌లు 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లతో అన్ని స్వరాలనీ దాదాపు సమంగా తగ్గిస్తాయి. జాజ్‌కి 9 లేదా 15 చాలు. పోయిన చెవి తిరిగి రాదండి.

రెండున్నరరీడ్
రైడ్‌సింబల్ గారూ, ఒప్పుకున్నాను. క్లారినెట్ దీర్ఘ స్వరాలు కూడా మెట్రోనోమ్‌తోనే అని చేర్చుకోండి.

బృందనాయకి
బ్యాండ్ నడిపేవాళ్ల వైపు నుంచి రాస్తాను. ఇంకొకరి దగ్గర వాయించినా ఇది తెలియాలి, ఎందుకంటే ఏడాదిలోపే ఎవరో "త్రయం ఒకటి పట్టుకురండి" అంటారు.

మూడు గంటల గిగ్ అంటే యాభై నిమిషాల సెట్లు మూడు, పదిహేను నిమిషాల విరామాలు రెండు. ఒక్కో సెట్‌కి ఎనిమిది తొమ్మిది పాటలు, కాబట్టి మొత్తం 27, పైన నాలుగు అదనంగా. వరుసగా రెండు పాటలు ఒకే శ్రుతిలో, ఒకే టెంపోలో పడకుండా చూడండి. మొదటి సెట్ నెమ్మదిగా, మాట్లాడుకునే జనానికి అడ్డు రాకుండా ఉండాలి. వేగమైనవి మూడో సెట్‌కి దాచండి.

ఒప్పుకునేముందు రాతలో తేల్చుకోవాల్సినవి: వాయించడం ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, సామాను ఎప్పుడు దించుకోవచ్చు, కరెంటు ప్లగ్‌లు ఎక్కడున్నాయి, పియానో ఉందా, ఉంటే ఎప్పుడు శ్రుతి చేశారు, సౌండ్ సిస్టమ్ ఎవరిది, అదనపు గంటకి ఎంత, రద్దయితే ఎంత. అడ్వాన్సు 30 నుంచి 50 శాతం. అడ్వాన్సు అందేదాకా తేదీ ఖాయం కాదు అని ఆ కాగితంలోనే రాయండి. వాద్యకారులకి డబ్బు ఆ రాత్రే ఇవ్వండి, మీకు తర్వాత వచ్చినా సరే. లీడర్ వాటా ఎక్కువ తీసుకోవడంలో తప్పులేదు, ఫోన్లూ రాతకోతలూ సామానూ మీవే కదా. కాకపోతే ఎంతో ముందే చెప్పాలి.

వాద్యకారులకి పంపే సందేశం ఒక్కటే ఉండాలి. చిరునామా, చేరాల్సిన సమయం, దుస్తులు, సెట్ల సమయం, మొత్తం, పాటల జాబితా శ్రుతులతో. ముక్కలు ముక్కలుగా అయిదు సందేశాలు పంపితే ఎవరో ఒకరు పాత సమయానికే వస్తారు.

వేదిక మీద చేతి సైగలు అందరికీ తెలుసనుకుంటారు, కొత్తవాళ్లకి తెలియవు. తల మీద చెయ్యి పెడితే మొదటి మెలడీకి వెళ్లమని. పిడికిలి ఎత్తితే ఇదే ముగింపు. ఎన్ని వేళ్లు పైకి చూపితే అన్ని షార్పుల శ్రుతి, ఎన్ని కిందకి చూపితే అన్ని ఫ్లాట్లు. నాలుగు వేళ్లు మాత్రం ప్రమాదం: పాట మొదలుకి ముందైతే నాలుగు షార్పుల ఈ (E) శ్రుతి, సోలోల మధ్యలో అయితే డ్రమ్స్‌తో నాలుగు బార్ల మార్పిడి. సందర్భం చూసుకోండి.

మిక్స్‌గది
రికార్డింగ్ గురించి. ఇప్పుడు కావాల్సింది ఆల్బమ్ కాదు, మూడు పాటల డెమో. ఒక మీడియం స్వింగ్, ఒక బ్యాలడ్, ఒక సొంత కూర్పు. బుక్ చేసేవాళ్లు మొదటి నిమిషం కూడా పూర్తిగా వినరు, కాబట్టి పొడవాటి పియానో ఉపోద్ఘాతం వద్దు. మెలడీ పదో సెకనులోపు రావాలి.

జాజ్ రికార్డింగ్‌ని ఒక్కొక్కరు విడిగా కట్టుకుంటూ పోతే ప్రాణం పోతుంది, ఒకే గదిలో కలిసి వాయించాలి. ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల దూరానికి 9 మిల్లీసెకన్లు, పది మీటర్లకి 29. పది మీటర్ల దూరంలో, హెడ్‌ఫోన్లు లేకుండా కూర్చుంటే బ్యాండ్ వెనక్కి లాగినట్టే ఉంటుంది. దగ్గరగా కూర్చోండి. దానికి మూల్యం ఏంటంటే, మీ టెనార్ డ్రమ్స్ మైకుల్లో కూడా పడుతుంది. ఒక తప్పు స్వరాన్ని మీ ట్రాక్‌లో తుడిచినా డ్రమ్స్ మైకులో అది వినిపిస్తూనే ఉంటుంది. అందుకే బాగుచెయ్యాలంటే ఇంకో టేక్ (అదే పాట ఇంకోసారి చేసిన రికార్డింగ్) నుంచి మొత్తం బ్యాండ్‌ని ఒక కోరస్‌గా తెచ్చి అతికించాలి. అతకాలంటే రెండు టేకుల టెంపో దగ్గరగా ఉండాలి. ప్రతి టేక్‌కీ ముందు మెట్రోనోమ్ అదే అంకె మీద నాలుగు బార్లు వినిపించి ఆపెయ్యండి. ఒక పాటకి మూడు టేకులు చాలు. నాలుగోదాంట్లో జాగ్రత్త పెరుగుతుంది, సంగీతం తగ్గుతుంది.

ఇంటి నుంచి ఇతరుల పాటలకి శాక్స్ భాగాలు పంపే పని కూడా ఉంది. 24 బిట్ వేవ్ ఫైల్, శాంపిల్ రేటు (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్నది) వాళ్లది ఏదైతే అదే. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ఫైల్‌ని 48 ప్రాజెక్టులో మార్చకుండా వేస్తే దాదాపు 9 శాతం వేగంగా, ఒకటిన్నర సెమిటోన్ పైకి పలుకుతుంది. ఫైల్ పాట మొదటి బార్ నుంచే మొదలవ్వాలి, మీ ప్రవేశం 64వ బార్‌లో అయినా సరే. రివర్బ్ (గది ప్రతిధ్వని) లేకుండా ఒకటి, కావాలంటే రివర్బ్‌తో ఇంకొకటి. పేరులో పాట, వాద్యం, టెంపో, టేక్ సంఖ్య.

మాస్టరింగ్‌లో (విడుదలకి ముందు చివరి ధ్వని సర్దుబాటులో) శబ్దాన్ని నలిపి పెంచమని అడగకండి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్నింటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి వినిపించే గట్టితనం కొలత) సర్దుతుంది. నలిపిన జాజ్ అక్కడ గట్టిగా వినిపించదు సరికదా, డ్రమ్స్ బ్రష్‌ల గుసగుస కాస్తా పోతుంది.

హక్కులచిట్టా
విడుదల దాకా వచ్చారు కాబట్టి కాగితాల సంగతి. జాజ్ చదివినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఒక ట్రాక్‌లో రెండు ఆస్తులు ఉంటాయి. కూర్పు ఒకటి, దాని రికార్డింగ్ ఒకటి. పాత స్టాండర్డ్ (జాజ్‌వాళ్లందరూ వాయించే పేరున్న పాట) మీద మీరు ఎంత గొప్ప సోలో వాయించినా కూర్పు హక్కు కూర్చినవాళ్లదే. మీది రికార్డింగ్ మాత్రమే. అదే కార్డ్స్ మీద మీరు కొత్త మెలడీ రాస్తే కథ మారుతుంది. ఒట్టి కార్డ్స్ వరుసకి సాధారణంగా హక్కు ఉండదు, కాబట్టి ఆ కొత్త కూర్పు మీది. బీబాప్ (1940ల జాజ్) తరం నడిచిన దారి ఇదే. డెమోలో మూడో పాట సొంతదని మిక్స్‌గది గారు అన్నది అందుకు కూడా మంచిది.

ఇతరుల కూర్పుని రికార్డ్ చేసి విడుదల చెయ్యాలంటే మెకానికల్ లైసెన్సు కావాలి. అది ఆడియోకే. అదే పాటకి వీడియో చేస్తే సింక్ లైసెన్సు వేరు, ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ హక్కుదారులకి ఉంటుంది. అమెరికాలో 1929లో ప్రచురితమైన కూర్పులు 2025 జనవరి 1న ఉమ్మడి ఆస్తి అయ్యాయి, 95 ఏళ్ల లెక్క అది. చాలా దేశాల్లో లెక్క రచయిత మరణించాక 70 ఏళ్లు. సాహిత్యం రాసినవారు తర్వాత మరణించి ఉంటే పాట మొత్తానికి గడువు మారవచ్చు. తర్వాత కాలంలో వచ్చిన అరేంజ్‌మెంట్లకి విడిగా హక్కులుంటాయి.

సొంత కూర్పుని ప్రదర్శన హక్కుల సంస్థలో నమోదు చేస్తే ఐఎస్‌డబ్ల్యూసీ సంఖ్య వస్తుంది. అది కూర్పుది. రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ. పన్నెండు అక్షరాలు: మొదటి 5 నమోదుదారువి, తర్వాత 2 ఏడాదివి, చివరి 5 ఆ రికార్డింగ్‌వి. పంపిణీ సంస్థ మారితే పాత ఐఎస్‌ఆర్‌సీనే ఇవ్వండి. కొత్తది ఇస్తే అప్పటిదాకా వచ్చిన వినికిడి లెక్క తెగిపోతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చితే వాటాల కాగితం స్టూడియో నుంచి బయటికి రాకముందే సంతకాలతో. మొత్తం 100 శాతం రావాలి. ఒకరు 50 అని, ఇంకొకరు 60 అని నమోదు చేస్తే, తేలేదాకా ఆ డబ్బు ఎవరికీ రాకుండా ఆగిపోవచ్చు. బాసిస్టు బ్రిడ్జ్ (పాట మధ్య భాగం) కార్డ్స్ మార్చాడు, అది కూర్పా, వాయించడమా అన్న వాదన ఆ రోజే తేల్చుకోండి, స్నేహం మిగులుతుంది.

స్ట్రీమింగ్ ఆదాయం మీద ఆశ పెట్టుకోకండి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక లెక్క. 2024 నుంచి గత 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని ట్రాక్‌కి రికార్డింగ్ రాయల్టీ లేదు. విడుదల తేదీకి నాలుగు వారాల ముందే పంపిణీ సంస్థకి అప్పజెప్పండి. ప్లేలిస్టుల సంపాదకులకి వినిపించాలంటే కనీసం 7 రోజుల ముందు పంపడం మంచిది. విడుదలైపోతే ఆ అవకాశం పోయినట్టే.

సాధనగది
మూడో ప్రశ్నకి ఎవరూ రాలేదు. పాఠాలతో సమయం మిగులుతుంది, కాకపోతే వారాలు ముందే కట్టెయ్యాలి. సోమవారం నుంచి బుధవారం దాకా సాయంత్రాలు పాఠాలకి, గురువారం నుంచి గిగ్‌లకి. ఎవరడిగినా శనివారం సాయంత్రం పాఠం పెట్టకండి. ఒక్క గిగ్‌కి ఆరుగురు విద్యార్థులకి క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తుంది. నెల డబ్బు ముందే, రద్దు 24 గంటల ముందు చెప్పకపోతే ఆ పాఠం జరిగినట్టే లెక్క. సెలవుల నెలల్లో ఆదాయం పడిపోతుంది, దానికి ముందే పక్కన పెట్టుకోండి.

జాజ్ పట్టాతో పాఠాలు మొదలుపెట్టేవాళ్లు చేసే పెద్ద పొరపాటు, కాలేజీలో చివర నేర్చుకున్నది విద్యార్థికి మొదట చెప్పడం. మూడు నెలల విద్యార్థికి మోడ్స్ (రకరకాల స్వరశ్రేణులు) వద్దు. 45 నిమిషాల పాఠంలో పది నిమిషాలు ధ్వని, పదిహేను ఒక పాట, పదిహేను మూడే స్వరాలతో ఇంప్రొవైజేషన్, చివరి అయిదు నిమిషాలు ఇంటి పనిని విద్యార్థి ఫోన్‌లోనే రికార్డ్ చేసి ఇవ్వడం. ఆ మూడు స్వరాల ఆటలో మీరు పియానో మీదో గిటార్ మీదో తోడు వాయించాలి. మీ కంపింగ్ సాధన కూడా అయిపోతుంది.

కొత్తబాణీ
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. సొంత కూర్పు వచ్చే నెల ఒక సబ్ పియానిస్టుతో, రిహార్సల్ లేకుండా వాయించాల్సి వస్తోంది. చార్ట్ (మెలడీ, కార్డ్స్ ఉండే కాగితం) ఎలా రాయాలి?

నడకబాస్
రెండు పేజీలు దాటనివ్వకండి, ఎదురెదురుగా పరిచేలా. వరుసకి నాలుగు బార్లు, ప్రతి భాగం కొత్త వరుసలో మొదలు, ఎడమవైపు పెద్ద అక్షరం. టెంపో అంకె పైన రాయండి, "మీడియం" అంటే ఒకరికి 120, ఇంకొకరికి 160. ఉపోద్ఘాతం ఎన్ని బార్లు, సోలోలు ఏ రూపం మీద, ముగింపు ఎక్కడికి దూకాలి, ఈ మూడూ మాటల్లో ఉండాలి. కోడా (ముగింపు భాగం) గుర్తు పేజీలో ఒక్కచోటే పెట్టి వదిలెయ్యకండి, దూకే చోటా చేరే చోటా రెండింట్లోనూ పెద్దగా వెయ్యండి. రిహార్సల్ లేని గిగ్‌లో పాట కూలిపోయేది ఎక్కువగా అక్కడే.

పియానోకి, బాస్‌కి కాన్సర్ట్ శ్రుతిలో (నిజంగా పలికే శ్రుతిలో), మీకు బీ ఫ్లాట్ వాద్యం రాతలో. టెనార్ రాసినదానికన్నా ఒక ఆక్టేవ్, ఇంకో టోన్ కలిపి అంత కింద పలుకుతుంది, కాబట్టి మెలడీని కాన్సర్ట్ చార్ట్‌లోకి మార్చేటప్పుడు ఆక్టేవ్ సరిచూడండి. సాఫ్ట్‌వేర్ మార్చినా ఎఫ్ షార్ప్ ఉండాల్సిన చోట జీ ఫ్లాట్ పడుతుంటుంది, ఒకసారి పియానో మీద చూసుకోండి.

బృందనాయకి
పియానిస్టుకి వారం ముందు పీడీఎఫ్, మెలడీ వినిపించే ఒక మామూలు రికార్డింగ్ పంపండి, ఫోన్‌లో తీసినదైనా చాలు. అయినా గిగ్‌కి రెండు అచ్చు ప్రతులు పట్టుకెళ్లండి, ఆరుబయట అయితే క్లిప్పులు నాలుగు.